కోటాయన పెండ్లాం

“గీ సీరియల్ ఖరాబైంది సారూ,” అంటూ మా టీవీ ముందు నుంచి లేచింది కిష్టవ్వ. “టీవీ లోపలోళ్లు పడి పడి నవ్వుతుండ్రు. మనకైతే నవ్వొస్తలేదు.”

నా భార్య అమృతమ్మ పోయాక వాడలోవాళ్లు టీవీ చూడడానికి రావడం అదే మొదలు. అది హిందీ సీరియల్, వాళ్లకు హిందీ రాదు. తెలుగులో చెప్పేది ఆమే. నేను పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి. ఆరోజు నేనే చెప్పాను.

“ఆ కోటు వేసుకున్నాయన బ్యాంకు మేనేజరు. పక్కనున్నామె అతని చెల్లెలు,” అన్నాను మళ్లీ.

“కాదు సారూ,” అన్నాడు భూమన్న. “ఆమె పెండ్లాం. మామ రాసిన ఉత్తరంల కోటాయన ఎర్ర కలంతోని తప్పులు దిద్దుతడు. కండ్లద్దాలు నెత్తిన పెట్టుకొని ఇల్లంతా దేవులాడుతడు. అమృతమ్మ ఏడాది సంది చెప్తుండె.”

అమృతమ్మకూ హిందీ రాదని నాకప్పుడు గుర్తొచ్చింది. నెత్తిమీది కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

కిష్టవ్వ గడప దాకా పోయింది.

“కూర్చో కిష్టవ్వా, నేనే తప్పు చెప్పాను. పెండ్లాం ఊరికి పోయింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక కోటాయన చప్పిడి పప్పు తింటున్నాడు.”

భూమన్న పకపకా నవ్వాడు. కిష్టవ్వ వెనక్కి వచ్చి కూర్చుంది.

“మరి ఆమె ఎప్పుడొస్తది సారూ?”

నేను జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంటుంటే టీవీ లోపలివాళ్లు నవ్వారు.