బాంబు మొగం

"ఈ గుంతలు బాంబువి అని చెప్పు మామా. డాక్టరమ్మ కాడ సిగ్గెందుకు?" అంది రామేశ్వరమ్మ మొగుడితో.

చిన్నసుబ్బయ్య ప్రొద్దుటూరు చర్మం డాక్టరు ముందు గుండ్రంగా తిరిగే స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. డాక్టర్ మైమూన్ ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని లైటు కిందికి తిప్పింది. రెండు చెంపల నిండా గుంతలే. నాలుగు చినుకులు పడి ఆగిపోయిన దుమ్ము నేలలా ఉంది.

"లేజర్ పెడితే పోతాయా మేడమ్?" రామేశ్వరమ్మే అడిగింది.

"పూర్తిగా పోవమ్మా. శానా వరకు తగ్గుతాయి. నాలుగైదు సార్లు రావాల. ఎప్పటివి అన్నా ఇవి?"

"ఇరవై రెండేండ్లయితాది," మళ్ళీ రామేశ్వరమ్మే అందుకుంది. "పార్టీ కోసం పోయి, పులివెందుల రోడ్డులో నాటుబాంబు దెబ్బ తిన్నాడు. ఒక్క ముక్క చెప్పడు ఈ మనిషి. నేనే చెప్పాల."

డాక్టరు చెంపను మళ్ళీ ఒకసారి వేలితో తడిమి చూసింది. ఆ తర్వాత చిన్నసుబ్బయ్య కళ్ళలోకి చూసింది.

"నాటుబాంబు అయితే ముందు ఎక్స్‌రే తీయాల. వాటిలో మేకులు, గాజుపెంకులు పెడతారు. లోపల ముక్కలు ఉండిపోతే నేను లేజర్ పెట్టను. బాంబేనా అన్నా?"

చిన్నసుబ్బయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎక్స్‌రే తీస్తే మేకులు కాదు కదా, గుండుసూది కూడా కనపడదు. అవి మొటిమలు. వయసులో గొర్ల వెంట తిరుగుతూ, తోచనప్పుడల్లా గిల్లి గిల్లి తెచ్చుకున్న గుంతలు. బాంబు అని ఆయన తన నోటితో ఎన్నడూ అనలేదు, అదొక్కటే ఆయన చేసుకున్న పుణ్యం. జమ్మలమడుగు మీటింగులో నాయకుడు ఆయన గడ్డం పట్టి జనం వైపు తిప్పి, 'పార్టీ కోసం బాంబుకు మొగమిచ్చినోడు' అన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే కాదనడానికి నోరు పెగల్లేదు. ఆ తర్వాత మండల పార్టీలో పదవి వచ్చింది. బస్సులో అడక్కుండానే సీటు వచ్చింది. రామేశ్వరమ్మ వచ్చింది.

పదవి పోతే పోయింది. కానీ ఆదివారం తలంటేటప్పుడు ఆ గుంతల మీద నూనె చేత్తో మెల్లగా రాసే మనిషి, ఇవి మొటిమలని తెలిస్తే ఇంకెప్పుడైనా అట్లా రాస్తుందా? ఆయన భయమంతా అదే.

స్టూలు మీద నుంచి లేచాడు. "పోదాం పా మే. నాకే లేజరూ వద్దు. నలబై దాటినోణ్ణి, యాడ చూపించుకోవాల ఈ మొగం?"

"నాకు చూపించాల. దినామూ చూసేది నేనే కదా." రామేశ్వరమ్మ ఆయనకు అడ్డమొచ్చింది. "ఆ గుంతలు చూసినప్పుడంతా నా పాణం పోయి పోయి వస్తాంది మామా. ఈ ఒక్కసారి నా మాట విను. దండం పెడతా."

నిజంగానే రెండు చేతులూ జోడించింది. మండలమంతా తనను చూసి జంకుతుంది గానీ, ఆ జోడించిన చేతుల ముందు చిన్నసుబ్బయ్య నిలవలేకపోయాడు. ఆమె అంటే ఆయనకు అంత ప్రేమ.

డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఎక్స్‌రే రూములో చెప్పొస్తా. మీరు మాట్లాడుకోండి," అని తలుపు దగ్గరగా వేసి బయటికి పోయింది.

"మే," అన్నాడు చిన్నసుబ్బయ్య. "అవి బాంబువి కాదు."

"మరి?"

"మొటిమలు."

రామేశ్వరమ్మ దగ్గరికొచ్చి ఆయన చెంపల మీద ఒక్కొక్క గుంతనూ వేలితో ముట్టింది.

"ఒక్కటి కూడా బాంబుది కాదా?"

"మా అమ్మ మీద ఒట్టు. బాంబు చప్పుడు కూడా నేను దూరం నుంచి వినిందే. అన్నీ గిల్లుకున్నెవే." ఆయన తల దించుకున్నాడు. "తిట్టు మే. దొంగ మొగుడని తిట్టు. అట్ల గమ్మున ఉండద్దు."

ఆమె తిట్టలేదు. పక్కనున్న బల్ల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని చిన్నసుబ్బయ్య గాబరాగా కొంగు లాగాడు. నవ్వుతోంది. కళ్ళ నుంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మొటిమలకా మామా నేను ఇన్నేండ్లు ఏడ్సింది?" ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని దగ్గరికి లాక్కుంది. "ఉండనీ. ఒక్కటి కూడా తీయనీను. లేజర్ వద్దని చెప్పి పా, బస్టాండుకు పోదాం."

"మనూరికే కదా?"

"కాదు, పెండ్లిమర్రికి. మా అన్న ఇంటికి. ఆ గడప తొక్కక, ఆయప్పతో మాట్లాడక పదైదేండ్లాయ."

చిన్నసుబ్బయ్య బిత్తరపోయాడు. అన్న అవతలి పార్టీలోకి పోయాడనే కోపంతో మాటలు మానేసిందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"మీ అన్నకూ నా మొటిమలకూ ఏంది మే సంబంధం?"

"మన పెండ్లికి ముందర నీ మీద పడిన ఆ బాంబు యేసింది తానే అని అవతలి పార్టీ పెద్దల చెవిలో చెప్పుకొనే కదా మామా, మా అన్న ఆ పార్టీలో మండల కన్వీనరయ్యింది."