పాల్ సారు టోపీ

"ఇది నా టోపీ కాదు రాములూ," అన్నాడు పాల్ సారు.

రాములు నవ్వబోయి ఆగాడు. సారు ముఖంలో పరాచికం లేదు.

"ఏంది సార్ గట్లంటరు? పోయిన ఆదివారం మీరు మర్చిపోయిన టోపీ ఇదే. గీ బల్ల మీదనే పెట్టి పోయిండ్రు."

"పెట్టి పోయింది నిజమే. కానీ అది ఇది గాదు."

పాల్ సారు ఒకప్పుడు గద్వాల బడిలో రాములుకు లెక్కలు చెప్పాడు. ఇప్పుడు వనపర్తిలో ఉంటున్నాడు. మనుమరాలి పెళ్లికి చీరలు నేయించుకుందామని పాత శిష్యుడి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మాటల్లో పడి టోపీ మరిచి బస్సెక్కాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. అది మామూలు గడ్డి టోపీ కాదనీ, సన్నటి పోచలతో చేత్తో అల్లిందనీ చెప్పి, పసిబిడ్డను అప్పగించినట్టు సవాలక్ష జాగ్రత్తలు చెప్పాడు.

"మీరు జెప్పినట్లే చేసినం సార్," అన్నాడు రాములు. "పైన నొక్కి పట్టుకోలే, అంచు పట్టుకునే లేపినం. మేకుకు తగిలియ్యలే. బాగ ఎండితె పోచ ఇర్గుతదంటిరి, రేకుల కింద పెట్టకుంట లోపటి అర్రల పెట్టినం. అంచు వంగొద్దని తలకిందులుగ పెట్టినం. మా ఆమె అయితే బీరువల చీరలు తీసి దానికి జాగ ఇచ్చింది."

"నా పెండ్లి చీరకు గూడ గింత మర్యాద లేకుండె," అంది తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య చంద్రకళ. పక్కింటి మగ్గానికి పడుగు పోగులు అతుకుతూ, సారు వచ్చాడని తెలిసి మధ్యలో లేచి వచ్చింది. పోగులు జారకుండా వేళ్లకు రాసుకున్న బూడిద అలాగే ఉంది. సారు టోపీని చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి ఆమె చిన్నగా నవ్వుతూనే ఉంది.

సారు టోపీని కిటికీ వైపు ఎత్తి పట్టాడు. వెలుతురులో నడినెత్తి నుంచి అల్లిక వలయాలు వలయాలుగా కనిపించింది. లోపలి తోలు పట్టీ చూశాడు. పట్టీ మీద పాత చెమట మరక ఉంది. తల మీద పెట్టుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"సూడుండ్రి! కొలిచి కుట్టించినట్టు కూసున్నది," అన్నాడు రాములు ఉత్సాహంగా.

సారు టోపీ తీసి ఎడమ పక్కన బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు. కళ్లు మూసుకుని ఇంకోసారి తడిమాడు.

"గాదు," అన్నాడు.

రాములుకు మతి పోయినంత పనైంది. మరక సారుదే, కొలత సారుదే, టోపీ మాత్రం సారుది కాదట! గద్వాలంతా గాలించినా ఇలాంటిది ఇంకొకటి దొరకదు. మరి ఎవరు ఎక్కడి నుంచి తెచ్చి మారుస్తారు? ఒక్క క్షణం తన కళ్ల మీదే అనుమానం వచ్చింది. మరుక్షణం సారు వయసు మీద అనుమానం వచ్చి, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

"ఈ వారంల మీ ఇంటికి ఎవరొచ్చిండ్రు?" అడిగాడు సారు.

"మద్దిలేటి ఒక్కడే వచ్చిండు సార్, నూలుకు రంగులేసెటోడు. వాడు ఈ అర్రలకే రాలే."

"ఎవరో మార్చిండ్రు రాములూ. నిన్ను అంటలేను. కానీ చీరల ముచ్చట... తర్వాత సూద్దాం తియ్యి."

రాములు సారు ముందుకు వచ్చాడు. "చీరలు పోతె పోనియ్యిండ్రి సార్. నేను మార్చిన అని మీ మనసుల పడితె మాత్రం నాకు నిద్ర పట్టదు. బడిల నేను ఎన్నడన్న అబద్ధమాడంగ సూసిండ్రా? ఇది మీది గాదని దేన్ని బట్టి అంటున్నరో గదన్న చెప్పుండ్రి!"

సారు మెల్లగా కూర్చుని టోపీని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా టోపీని మా ఇంటామె ఎస్తేరు ఏరింది. బొంబాయిల ఒక దుకాణంల ఉన్న టోపీలన్నీ ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసి, ఇదే తీసుకో అన్నది. ఆమె చనిపోయే ముందటి సంవత్సరం జూరాల డ్యాం సూడవోయినం. కట్ట మీద గాలికి టోపీ ఎగిరిపోతుంటె గబుక్కున పట్టింది. గోరు తగిలి ఒక్క పోచ తెగింది, ఇగో, ఈ పక్కన. చూసుకోవద్దా అని అందరి ముందట తిట్టిన." సారు ఆ చోట బొటనవేలు పెట్టాడు. "ఇప్పుడు రోజూ టోపీ పెట్టుకునేటప్పుడు ఆ తెగిన కాడ ఒకసారి ఏలు పెడ్త. దీనికి అది లేదు రాములూ."

రాములు భార్య వైపు చూశాడు. ఆమె ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఏమో.

"పోచ తెగి ఉండె సార్," అంది చంద్రకళ. తలుపు దగ్గరి నుంచి లోపలికి వచ్చింది. "లోపలి తోలు పట్టీ కింద మిగిలిన పోచ కొస ఒకటి కత్తిరించి, తడిగుడ్డల మెత్తగ చేసి, సూదితోని ఎక్కిచ్చిన. ఈయనకు గూడ చెప్పలే. మీరు సూసి సంబరపడ్తరనుకున్న."

రాములు తల పట్టుకున్నాడు. సారు మాత్రం గబుక్కున లేచి టోపీని రెండు చేతులా ఆమెకు అందించాడు. "అయితే ఇది నాదేనా! జర ఆ పోచ తీసెయ్ తల్లీ. ఎట్ల ఉండెనో గట్ల చెయ్."

ఆ వీధిలో ఏ మగ్గం మీద పడుగు అయిపోయినా, పాత కొసలకు కొత్త పోగులు అతకడానికి చంద్రకళనే పిలుస్తారు. వేల పోగులు అతికినా ఒక్క అతుకు కంటికి ఆనదని ఆమెకు పేరు. ఆమె వేళ్ల బూడిద కొంగుకు తుడుచుకుని, టోపీని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. వెలుతురుకు పట్టి చూసింది. తిప్పి లోపల చూసింది. గోటితో, వేలితో, ఆఖరికి కళ్లు మూసుకుని సారు లాగే బొటనవేలితో తడిమింది. చాలాసేపటికి తలెత్తి, బావురుమంది.

"ఏడ అతికిన్నో నాకే దొరుకుతలేదు సార్!"