మైనం పూసిన సీసాలు

రక్తం సీసాను వెలుతురుకెత్తి చూసి డాక్టరు వరహాలరావు మండిపడ్డాడు.

"లోపలంతా మైనం. ఏటిది బుధూ?"

"నానే పూసినాను బాబూ. మా పూజల్లో రగతం పట్టే ఆనపకాయ బుర్రకి మైనం పూత్తాం. నేకపోతే బేగి గడ్డకట్టేత్తాది. మైనం దొరికిన నాడు సీసాలకీ పూత్తన్నాను."

"నిన్ను పెట్టుకున్నది పూజకి కాదు."

అది 1927. అరకు లోయలో గుడారం వేసుకుని డాక్టరు ఒకే ప్రశ్న పట్టుకున్నాడు. ఎలుగుబంటి పీకిన మనిషి, నెత్తురు పెద్దగా పోకపోయినా, రక్తపు పోటు పడిపోయి ఎందుకు చనిపోతున్నాడు?

డాక్టరును చూస్తే జనం పరుగో పరుగు. అందుకే కొండజాతి బుధును పెట్టుకుని, ఊరివాళ్ళ రక్తం తియ్యడం నేర్పాడు. కారణం రక్తంలోనే ఉందేమోనని, బుధు తెచ్చిన రక్తం కాస్త కుక్క నరంలోకి ఎక్కించి దాని పోటు కొలిచేవాడు. ఒకరోజు పోటు దబ్బున పడేది. మరోరోజు కదిలేదే కాదు.

వానల్లోపు తేలకపోతే గుడారం ఎత్తెయ్యమని పైనుంచి ఉత్తరం వచ్చింది.

"ముప్పై ఆరు సీసాలు తెచ్చావు, నా పనంతా నీ మైనమే పాడుచేసింది. రేపట్నుంచి రాకు."

బుధు సూదులు కడిగి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

చదువుకున్నవాడికి కోపం ముందు, బుద్ధి తర్వాత. నాలుగు రోజులకు గానీ డాక్టరుకు తట్టలేదు. పోటు కదలని రోజులన్నీ మైనం సీసాల రోజులే.

తన రక్తమే తీసుకుని, సగం ఉత్త గాజులో, సగం మైనం పూతలో పట్టాడు. ఆ ఒక్కసారికే కళ్ళు తిరిగాయి. గాజులోది కుక్క పోటు దించింది. మైనంలోది దించలేదు.

పోటు దించే గుణం మనిషి రక్తంలోనే నిద్రపోతోంది. గాజులాంటి పరాయిది తగిలితే లేస్తోంది. గాయమైనప్పుడూ అంతే కాబోలు. పుస్తకాల్లో దొరకనిది బుధు చేతిలో దొరికింది.

సిగ్గుతో బుధు ఊరికి కొండెక్కాడు. గుడిసె ముందు బుధు కూతురు సామలు దంచుతోంది.

"మీ అయ్య ఏడమ్మా?"

"మొన్న సోమారం పోనాడు బాబూ. జొరం."

డాక్టరు ఒక్క మంచిమాటైనా అనకుండా పంపేశానని కుమిలిపోయాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"నా రిపోర్టులో మీ అయ్య పేరు ముందు రాస్తాను. రక్తమిచ్చిన ఊరివాళ్ళ పేర్లూ చెప్పమ్మా. ఇన్నాళ్ళూ అడగనేలేదు."

ఆమె రోకలి ఆపింది.

"ఊరోలు ఎవులూ ఇవ్వనేదు బాబూ. మాయమ్మ ఎలుగు పీకే పోనాది. మీరు ఉత్త సేతుల్తో ఎలిపోకూడదని, ముప్పయ్యారు సీసాలూ మాయయ్య తన రగతంతోనే నింపినాడు."