జక్కయ్య మోసుకొచ్చిన మాత

పాలరాతి పలక మీద బంగారు రంగు ఇంకా ఆరలేదు.

గుడి మెట్ల పక్కన గోడకు ఆనించి పెట్టాను. ఆదివారం బిషప్ గారు వచ్చి తెర తీయాలి. ఆ రోజుతో మా గుడికి యాభయ్యో ఏడు.

ఆటోనగర్ వెనక మా పేటంతా దివిసీమ వాళ్ళమే. డెబ్భై ఏడు ఉప్పెనలో ఊరు కొట్టుకుపోతే, మిగిలినవాళ్ళు బెజవాడ వచ్చి లారీ షెడ్లలో పనికి కుదిరారు. తాటాకు పందిరి వేసి, ఊరి నుంచి మిగిలిన ఒకే ఒక్క వస్తువును అందులో నిలబెట్టుకున్నారు. మరియమాత చెక్క స్వరూపం. మూరన్నర ఎత్తు.

దాన్ని ఉప్పెనలోంచి తెచ్చింది జక్కయ్య పెదనాన్న.

ఈ కథ మా పేట పిల్లలకు ఉగ్గుపాలతో పోస్తారు. ఇంట్లో రెండేళ్ళ కూతురుండగా, కూతుర్ని వదిలి, మాతను వీపుకు కట్టుకుని, తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా వేలాడిన మనిషి.

ఏటా పండక్కి ఆయన్ని మైకు దగ్గరికి పిలిచేవాళ్ళం. నోట మాట రాక ఏడ్చేవాడు. అది భక్తి అనుకుని మేమూ ఏడ్చేవాళ్ళం.

బాలింతలు పిల్లల్ని తెచ్చి, మాతను మోసిన ఆ చేతిని వాళ్ళ తలమీద పెట్టించుకునేవాళ్ళు. మా పాప దీవెన తలమీదా పెట్టించాను. ఆ చెయ్యి ఒకటే వణికింది. పెద్దతనం అనుకున్నాను.

పోయినేడు ఆయన పోయాడు.

గుడి చరిత్ర రాసే పని నా మీద పడింది. నాలుగు ముక్కలు తెలుగు రాయడం వచ్చు, స్పేర్ పార్టుల కొట్లో తీరిక కూడా ఎక్కువే. పలక మీద వాక్యం నాదే. రాసి, చదువుకుని, నేనే మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున, జక్కయ్య భార్య అమలమ్మ పెద్దమ్మ గుడి ఊడవడానికి వచ్చి పలక ముందు ఆగింది. ఆవిడకు చదువు రాదు. ఏం రాశావో చదవమంది.

చదివాను. "కన్నబిడ్డను విడిచి మరియమాతను కాపాడిన విశ్వాసవీరుడు జక్కయ్య."

పెద్దమ్మ చీపురు కింద పెట్టింది.

"విడవలేదు డేనియలూ," అంది.

మాతను వారానికో ఇంటికి తీసుకెళ్ళి జపమాల చెప్పుకోవడం మా ఆచారం. ఆ వారం వంతు వాళ్ళది. వాళ్ళ రెండేళ్ళ హన్నాకు జ్వరం, మూసిన కన్ను తెరవడం లేదు. కప్పు కారుతుంటే పెద్దమ్మ ముందు మాతకు ఓ పాత చీర చుట్టింది. తర్వాత బిడ్డకూ అలాంటిదే చుట్టింది. తల నుంచి కాళ్ళ దాకా, మొహం తడవకుండా. ఇద్దర్నీ ఒకే మంచం మీద పడుకోబెట్టింది.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికే కళ్ళు కనిపించనంత చీకటి. నీళ్ళు తలుపెత్తున వచ్చాయి.

"నేనే తీసిచ్చానయ్యా. పిల్లని పట్టుకోమని ఆయన వీపుకి నేనే కట్టా. మాతని మంచం మీదే వదిలేశా. తల్లి కదా, ఆమెకేమవుద్దిలే అనుకున్నా."

తెల్లారాక ముడి విప్పింది కూడా ఆవిడే. లోపల చెక్క చేతులు కనిపించాయి.

బతికినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేసరికి, జక్కయ్య ఒళ్ళో మాత ఉంది. చూసినవాళ్ళు బురదలోనే మోకరిల్లారు. ఇది పొరపాటు అని ఆయన ఒక్కసారి చెప్పబోతే, దేవుడి చిత్తాన్ని పొరపాటంటావా అని ఊళ్ళో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి గసిరాడట. మళ్ళీ నోరెత్తలేదు.

"ఆ ఒక్క మాట తీసెయ్యి. నాన్న నన్నొదిలేశాడని నా హన్నా అనుకోకూడదు."

ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. అంతా విన్నారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

పుస్తకం అచ్చయిపోయిందన్నారు. ఎంతమంది విశ్వాసం ఈ కథ మీద నిలబడి ఉందో ఆలోచించమన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు.

"పెద్దావిడ, డేనియల్. ఆ వయసులో జ్ఞాపకాలు కలిసిపోతుంటాయి."

కలిసిపోలేదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

సరే ఫాదర్ అన్నాను. అంత సులువుగా ఎలా అనగలిగానో, తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆదివారం తెర తీశారు. మైకులో ఆ వాక్యం చదివింది నేనే. నా గొంతు బాగుంటుందని నన్నే చదవమన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ మొదటి వరసలో కూర్చుంది. నా వైపు చూడలేదు.

ఊరేగింపుకి తేరు కదిలే ముందు మాతకు కొత్త చీర కట్టే గౌరవం ఎప్పుడూ ఆవిడదే. లేతనీలం పట్టుచీర. ఓపిగ్గా కుచ్చిళ్ళు పెట్టింది. చెంగు భుజం మీదికి తెచ్చి, అక్కడ ఆపేసింది.

చినుకులు మొదలయ్యాయి. స్వరూపానికి కొత్తగా రంగు వేయించాం, పాడవుతుంది, చెంగు తలమీదుగా కిందికి లాగెయ్యమని ఫాదర్ గారు కేకేశారు. నేను తేరెక్కి చెంగు అందుకున్నాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మొహం మాత్రం కప్పొద్దు," అంది.