కిరణ్ ఇంటి తడిచెత్త

“తొక్కులు నీకేంటికి నాయనా? ఇంట్లో మేకను గాని కట్టేసుకున్నావా?” అంది ఓబులమ్మ నవ్వాపుకోలేక.

చందానగర్‌లో ఓబులమ్మ మెస్సు వెనక వీధిలోనే కిరణ్ ఉండే వాటా. అనంతపురం నుంచి వచ్చి, కొత్తగా కట్టిన హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగంలో చేరిన ఆ కుర్రాడికి తిండంతా ఆవిడ మెస్సులోనే.

“కాలనీలో తడిచెత్త విడిగా ఇవ్వాలంట పెద్దమ్మా. నా దగ్గర చెత్తే లేదు.”

“లేకుంటే మంచిదే కదప్పా!”

మంచిదే. కానీ చెత్తబండి వెంట అఖిల వస్తుంది. ఆకుపచ్చ బకెట్లో తడిచెత్త మాత్రమే వేస్తున్నారో లేదో చూసే పని కాలనీ సంఘం ఆమెకు అప్పగించింది. చెత్త లేని ఇంటి ముందు ఆమె ఆగదు. పెళ్లంటూ చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలని కిరణ్ తీర్మానించుకున్నాడు. ఆ సంగతి ఇంకా ఆమెకే తెలియదు.

మర్నాటి నుంచి పొద్దున్నే మెస్సు గంపలోంచి బీరకాయ తొక్కులు, కరివేపాకు రెబ్బలు, ఓబులమ్మ కొప్పులోంచి తీసి పడేసిన వాడిన మల్లెలు తెచ్చి, ప్లాస్టిక్ ముక్క లేకుండా ఏరి బకెట్లో సర్దేవాడు. తన బట్టలైనా అతనెప్పుడూ అంత శ్రద్ధగా సర్దుకున్నది లేదు.

“గల్లీ మొత్తం పరేషానే సార్. మీ ఇంటికాడికొస్తెనే పానం నిమ్మలమైతది” అంది అఖిల బకెట్లోకి తొంగి చూసి.

ఆ మాటకు కిరణ్ సాయంత్రం దాకా గాల్లో తేలాడు.

“రోజుకో కూర! మీకు తిండి ఫికరే లేదు” అంది ఇంకోనాడు.

“మీరూ ఒకసారి భోజనానికి రండి” అని నోరు జారాడు కిరణ్.

ఆమె నవ్వింది. “అమ్మను తీస్కొని వస్త. మీ ఇంటి గురించి రోజు చెప్తున్న, ఒకసారి చూడాలన్నది. ఐతారం ఇంట్ల ఉండుండ్రి.”

“పిల్ల తల్లే వస్తాందా? ఇంకేమప్పా, కుదిరినట్లే!” అని ఓబులమ్మ మైసూరుపాకు చేసిచ్చింది. కిరణ్ గదులు కడిగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

అఖిల తల్లి రాజమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆమె చేతిలో కుంకుమ భరిణ చూసేసరికి కిరణ్ గబగబా కుర్చీ ముందుకు లాగాడు.

“కూర్చోండమ్మా. మీతో ఒక మాట చెప్పాలి...”

“జర ఆగు బిడ్డా, ముందు మా మాట విను. మనమిచ్చిన చెత్తతోని ఎరువు తయారైంది. మాపటికి ఎరువు గుంతకాడ పూజ పెట్టుకున్నం.”

అఖిల లోపలి గదివైపు తొంగి చూస్తోంది. ఇల్లు నచ్చినట్టే ఉందని కిరణ్ సంబరపడ్డాడు.

రాజమ్మ భరిణ మూత తీసింది.

“మీ ఇంట్లామెను పిలువు బిడ్డా, బొట్టు పెడత.”