తడవని కొలువు

చెరువు జీవులకు సలహాలిచ్చే తొండ, కొత్తవాళ్లని ఉద్యోగంలోకి తీసుకుంటోందని తెలిసి కప్ప ఇంటర్వ్యూకి వెళ్లింది. అప్పటికే రెండుచోట్ల కాదన్నారు.

"ఈ చెరువులో చేపలెన్ని?" అడిగింది తొండ.

కప్ప ఠక్కున నీళ్లలోకి దూకి, ఎంతోసేపు వెతికి, ఒగరుస్తూ గట్టెక్కింది. "లెక్క తేలలేదండీ. కానీ నాచు పట్టేసి చేపలకి ఊపిరాడ్డం లేదు."

తొండ తెగ తలూపింది. కప్ప పొంగిపోయింది.

"కుదరదమ్మా. మేం గట్టు మీంచే చెబుతాం. నువ్వు తడిశావు."

"మరి ఇందాకట్నుంచీ ఎందుకు తలూపారండీ?"

"ఎవరేం చెప్పినా ఊపుతాం. అది మా పద్ధతి."

తర్వాత వచ్చిన చిలక తడుముకోకుండా "తొమ్మిది వేలు" అంది. ఉద్యోగం దానికే ఇచ్చారు.

మర్నాడే చిలక కప్పని వెతుక్కుంటూ వచ్చింది. "అక్కా, చేపలు చచ్చిపోతున్నాయట. ఎందుకో కాస్త దిగి చూసి చెప్పవా?"

కప్పకి ఒళ్లు మండిపోయింది.

"సాయంత్రం నాకింకో ఇంటర్వ్యూ ఉంది తల్లీ. తడవకూడదు!"