గేటులోకి పడవ

"బ్రేక్ తొక్కకు!"

గంగన్న అరుపుకు ఉలిక్కిపడి ప్రభాకర్ బ్రేకే తొక్కాడు. కారు వెనక తగిలించిన ట్రైలర్, మీదున్న పడవతో సహా అటూ ఇటూ ఊగి, ఎలాగో నిలబడింది.

"ట్రైలర్ ఊగితే బ్రేక్ గొట్టద్దని ఎన్నిసార్లు చెప్పాలె తమ్మీ? ఎక్సిలేటర్ మీదికెల్లి కాలు తియ్యి. స్టీరింగ్ సీద పట్టు. దానంతటదే సదురుకుంటది."

"నా చేతులకు సైకిలే ఎక్కువన్నా."

గంగన్నకు నవ్వు రాలేదు. గురువారమే పరీక్ష. గంగన్న బదులు పనిచేయడానికి ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఈ కుర్రాడు సీబ్‌లోని యజమాని విల్లా గేటులోకి ట్రైలర్‌ను వెనక్కి నడిపి పెడితే, ఆ అర్బాబ్ తన దగ్గరున్న గంగన్న పాస్‌పోర్టు చేతికిస్తాడు. ఇంటికి వెళ్ళొచ్చు. గంగన్న ఒమాన్ వచ్చాక పుట్టిన కూతురికి నాలుగో ఏడు. దానికి తండ్రంటే ఫోన్లో గొంతు.

అందుకే తెలిసిందంతా నేర్పాడు. ఐసు పెట్టె, పెట్రోలు డబ్బాలు పడవలో ముందుకు సర్దించాడు. బరువు వెనక పడితే ట్రైలర్ మాట వినదన్నాడు. కొక్కెం ఊడినా తప్పించుకుపోకుండా కింద రెండు గొలుసులూ తగిలించడం చూపించాడు.

"నీకెవరు నేర్పిన్రన్నా?" గొలుసు బిగిస్తూ అడిగాడు ప్రభాకర్.

"ఎవరు నేర్పుతరు? వచ్చిన కొత్తల ఒక్కసారికే గేట్ల వెట్టిన. అర్బాబ్ భుజం గొట్టిండు. సంబురపడ్డ. గప్పటిసంది ఇడుస్తలేడు. నాతోని వచ్చి బిల్డింగు సైట్ల కూలికి పడ్డోళ్ళు రెండేండ్లకోసారి ఇంటికి వోయొస్తున్నరు."

ప్రభాకర్ బిగించిన గొలుసునే మళ్ళీ బిగించాడు.

గురువారం సాయంత్రం అసర్ నమాజు ముగించుకుని అర్బాబ్ గేటు దగ్గర నిలబడ్డాడు.

మొదటిసారి ట్రైలర్ గోడకు రాసుకుంది.

"చెయ్యి స్టీరింగ్ కిందికి వెట్టు! ట్రైలర్ ఎటు వోవాల్నో చెయ్యి అటే జరుపు!" పక్కనే పరుగెత్తాడు గంగన్న.

రెండోసారి కారూ ట్రైలరూ కత్తెరలా మడతపడ్డాయి. మూడోసారి గేటు స్తంభానికి పెచ్చు లేచింది.

"ఖలాస్," అన్నాడు అర్బాబ్. "ఇస్‌కో సైట్ భేజో. గంగా, తుమ్ రహో."

పాస్‌పోర్టు అర్బాబ్ జేబులోనే లోపలికి వెళ్ళిపోయింది. కుర్రాడు సైట్‌కు, గంగన్న ఇక్కడే.

"మాఫ్ జెయ్యన్నా," ప్రభాకర్ తలెత్తలేదు. "నాతోని కాలె."

"నువ్వేం జేస్తవ్ తమ్మీ," అని భుజం తట్టి, గంగన్న సందు చివరి దుకాణానికి ఫోన్ చేయడానికి నడిచాడు.

ఇప్పట్లో రాలేనని భార్య రాజేశ్వరికి చెప్పాడు. వెనక నుంచి పాప, "నాయిన ఏ పొద్దుకస్తడే?" అని అడుగుతూనే ఉంది. గంగన్న ఫోన్ పెట్టేశాడు.

తిరిగొచ్చి సందు మలుపులో ఆగిపోయాడు.

అడ్డంగా వదిలేసిన ట్రైలర్‌ను, ఎవరూ చూడడం లేదనుకున్న ప్రభాకర్, ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ, ఇటు గోడకూ అటు స్తంభానికీ బెత్తెడేసి ఎడం వదిలి, ఒక్క ఊపున గేటులోకి వెనక్కి నడిపి పెట్టాడు.